చెరువు పక్కన కాపురం – ఆరోగ్యం, ఆనందం, జాగ్రత్త

మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో చాలామంది హైదరాబాద్ శివార్లలో, ఏదో ఒక చెరువుకు దగ్గరగా ఉంటున్నారు. ఓపీలో చీటీ రాసేటప్పుడు చిరునామా అడిగితే "చెరువు కట్ట దగ్గరండీ" అని చెప్పేవారు ప్రతిరోజూ కనిపిస్తారు. అమీన్‌పూర్, సఫిల్‌గూడ, కాప్రా వంటి చోట్ల ఈ నీటి అంచుల చుట్టూ చిన్న చిన్న కాలనీలు వెలిశాయి. పట్నంలో ఉద్యోగం, సాయంత్రానికి పల్లె గాలి. ఈ రెండూ ఒకేచోట దొరకడం అందరికీ కలిగే భాగ్యం కాదు.

ఇలాంటి కాలనీలకు ఆరోగ్య శిబిరాల కోసం మేము వెళ్తుంటాము. అక్కడివారు రెండు రకాల మాటలు చెబుతారు. "ఇక్కడికి వచ్చాక అమ్మకు షుగరు అదుపులోకి వచ్చిందండీ" అని కొందరు, "దోమలు చంపేస్తున్నాయి, ఎందుకు కొన్నామా అనిపిస్తోంది" అని మరికొందరు. రెండూ నిజమే. చెరువు బాగుంటే పక్కనున్న మనమూ బాగుంటాము. అది పాడైతే మొదటి దెబ్బ తగిలేది మనకే. అందుకే ఈ సంచికలో చెరువు పక్క జీవితంలోని సంతోషాలను, వాటిని నిలుపుకునే మార్గాలను మీ ముందు ఉంచుతున్నాము.

చెరువు అంటే కట్టిన నీరు

మన చెరువులలో చాలా వరకు సహజంగా ఏర్పడిన సరస్సులు కావు. మన పెద్దలు వాన నీటిని ఆపడానికి కట్టుకున్నవి. పల్లపు భూమికి అడ్డంగా మట్టితో కట్ట వేశారు. పొలాలకు నీరు వదలడానికి తూము పెట్టారు. చెరువు నిండితే కట్ట తెగకుండా అదనపు నీరు పొర్లిపోవడానికి అలుగు కట్టారు. తెలంగాణలో దీనినే మత్తడి అంటారు. పై చెరువు అలుగు నీరు కాలువలో పడి కింది చెరువుకు చేరుతుంది. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటాము. కాకతీయుల కాలంలో కట్టిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు నేటికీ పొలాలకు నీరు ఇస్తున్నాయి.

హైదరాబాద్ చుట్టూ ఉన్నవి కూడా ఈ పద్ధతిలోనివే. సఫిల్‌గూడ చెరువుకు పాత పేరు నడిమి చెరువు. పైన ఒకటి, కింద ఒకటి ఉంటేనే కదా మధ్యది నడిమిది అవుతుంది! ఆ పేరులోనే గొలుసు సంగతి దాగి ఉంది. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పట్టణ ప్రాంతంలోని ఒక చెరువుకు దేశంలో ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. చుట్టూ అపార్టుమెంట్లు లేచిన తరువాత కూడా కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, బాతులు దానిని విడిచిపెట్టలేదు. ఫ్లెమింగోలు సైతం వచ్చి దిగిన సంవత్సరాలు ఉన్నాయి.

ఆయకట్టు పొలాలు ప్లాట్లుగా మారినా చెరువు చేసే మేలు ఆగిపోలేదు. నీరు నెమ్మదిగా భూమిలోకి ఇంకి చుట్టుపక్కల బోర్లకు ఊట ఇస్తుంది. కుండపోత వానలో వరదను తనలో దాచుకుంటుంది. వేసవి సాయంత్రం దాని మీదుగా వీచే గాలి ఇంటి లోపలి ఉక్కపోతను కొంత తగ్గిస్తుంది.

కట్ట మీద నడక – ఖర్చులేని మందు

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు శరీరానికి ఒక మోస్తరు శ్రమ కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. ఈ మాట మేము ఓపీలో ఎంతోమందికి చెబుతాము. "ఎక్కడ నడవమంటారండీ, రోడ్డు మీద బండ్లే కదా" అని వారి జవాబు. చెరువు కట్ట ఉన్న కాలనీవారికి ఆ సాకు లేదు. మట్టి దారి మోకాళ్లకు సిమెంటు రోడ్డుకన్నా మెత్తగా ఉంటుంది. హారన్ల మోత తక్కువ. కంటికి నీరు, చెవికి పిట్టల కూత ఉంటే అరగంట గడిచినట్టే తెలియదు. పచ్చదనం, నీరు ఉన్న చోట తిరిగేవారికి మనసు తేలికపడుతుందని ఎన్నో దేశాల పరిశోధకులు గమనించారు.

షుగరు ఉన్నవారికి ఒక మాట. భోజనం చేసిన తరువాత పది, పదిహేను నిమిషాలు నడిచినా రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. కానీ చెప్పులు లేకుండా కట్ట ఎక్కవద్దు. పాదాలలో స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండుతో మొదలై వేలు తీసివేయవలసి వచ్చినవారిని మేము చూస్తూనే ఉన్నాము. బూట్లు వేసుకోండి. ఇంటికి వచ్చాక పాదాలు కడిగి, వేళ్ల మధ్య తుడిచి, అరికాలు అద్దంలో చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలో, కొంచెం పంచదారో ఉంచుకోవాలి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బిగపట్టినట్టు ఉండడం, చెమటలు పట్టడం జరిగితే వెంటనే ఆగి 108కి ఫోను చేయాలి. "గ్యాసు అయి ఉంటుందిలే" అని ఇంటి దాకా నడవకండి.

పిల్లలకు, పెద్దలకు

చెరువు గట్టున పెరిగే పిల్లలకు ఆటస్థలం వేరే వెతకనవసరం లేదు. రోజూ కొంతసేపు ఆరుబయట గడిపే పిల్లలకు దూరపు వస్తువులు మసకగా కనిపించే చూపు దోషం వచ్చే అవకాశం తగ్గుతుందని కంటి వైద్యులు చెబుతున్నారు. సెల్‌ఫోను తెర జానెడు దూరంలో ఉంటుంది. అవతలి గట్టున వాలిన కొంగ వందల అడుగుల దూరంలో ఉంటుంది. కంటికి ఆ మార్పు కావాలి. సండే స్కూలు పిల్లలకు ఒక చిన్న పని ఇవ్వండి. ఒక నోటుపుస్తకంలో ఏ పిట్టను ఏ తేదీన చూశారో రాయమనండి. చలికాలంలో వలస పక్షులు వచ్చినప్పుడు వారి ఉత్సాహం మీరే చూస్తారు.

వృద్ధుల సంగతి మరీ ముఖ్యం. కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో పల్లె నుండి వచ్చిన అవ్వలు, తాతలు నాలుగో అంతస్తులో టీవీ ముందు ఒంటరిగా కూర్చుంటున్నారు. ఆకలి లేదు, నిద్ర లేదు అని ఆసుపత్రికి వస్తారు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. ఒంటరితనానికి మాత్రల చీటీ రాయలేము. అలాంటివారిని సాయంత్రం కట్ట మీదికి తీసుకువెళ్లండి. నీటిని చూస్తే పల్లెవారికి మాటలు వస్తాయి. తూము ఎక్కడుందో, ఈసారి నీరు ఎంత వచ్చిందో, అలుగు పారుతుందో లేదో వారే చెబుతారు. వారం తిరిగేలోగా పక్క వీధి పెద్దాయనతో స్నేహం కుదురుతుంది. ఆయన రాని రోజు "ఏమైందో" అని ఇంటికి వెళ్లి చూసేవారు ఉంటారు. చిన్న కాలనీలో ఉన్న బలం ఇదే.

పండుగలు కూడా అందరినీ నీటి దగ్గర కలుపుతాయి. బతుకమ్మ రోజులలో పొరుగింటి ఆడపడుచులు తంగేడు, గునుగు పూలతో గట్టుకు వస్తారు. మృగశిర కార్తెనాడు చేపల దగ్గర జనం బారులు తీరుతారు. మన పల్లె సంఘాల పెద్దలలో ఊరి చెరువులోనే బాప్తిస్మం పొందినవారు ఎందరో ఉన్నారు. ఒక్క చెరువు ఇన్ని ఇండ్లకు చెందినదని గుర్తుంటే, దాని కోసం కలిసి నిలబడడం కష్టం కాదు.

దోమ ఎక్కడ పుడుతోంది?

ఇక దోమల సంగతికి వద్దాము. మలేరియాను దోమ మోసుకువస్తుందనే రహస్యం బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు ఇక్కడ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇన్నేళ్ల తరువాత కూడా దోమల విషయంలో మనకు ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. అన్ని దోమలూ చెరువులోనే పుడతాయని అనుకుంటాము.

డెంగ్యూ తెచ్చే దోమ చెరువులో పుట్టదు. అది మన ఇంట్లోనే పుడుతుంది. కూలరు, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, మూత లేని డ్రమ్ము – ఇవే దాని పుట్టిళ్లు. పగటిపూట కుడుతుంది. పట్నాలలో మలేరియా తెచ్చే దోమకు కూడా మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, వాడని బావులు ఇష్టం. మురుగు కలిసి, గుర్రపు డెక్క అల్లుకుని, నీరు కదలకుండా ఉన్న చెరువులో పెరిగేది క్యూలెక్స్ దోమ. రాత్రి చెవి దగ్గర మోగేది, బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసేది అదే. శుభ్రమైన, చేపలున్న, గాలికి అలలు కదిలే చెరువులో దాని పిల్లలు బ్రతకడం కష్టం. కాబట్టి మనలను కుట్టే దోమలలో కొన్ని ఇంటి నిర్లక్ష్యం వల్ల, మరికొన్ని మురుగు వల్ల వచ్చినవే. మంచి నీటి తప్పు అందులో లేదు.

గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుచేత వారానికి ఒక్క రోజు ఇంట్లో నీరు నిలిచిన పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టాలి. నీరు పారబోస్తే చాలదు. డెంగ్యూ దోమ గుడ్లు పాత్ర గోడలకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. పీచుతో తోమి కడగాలి.

జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మాత్రలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. పారాసిటమాల్ మాత్రమే తగిన మోతాదులో వాడి, ద్రవాలు ఎక్కువగా ఇవ్వండి. జ్వరం తగ్గుతున్న సమయంలోనే ప్రమాదం ఎక్కువ. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత కనిపిస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి.

దోమతెర ఇంకో మేలు కూడా చేస్తుంది. నేల మీద పడుకున్నవారిని రాత్రి వేళ కాటు వేసే కట్లపాము నుండి అది కాపాడుతుంది. చెరువులో కనిపించే నీరుకట్టె పాముకు విషం లేదు, దానిని చంపనవసరం లేదు. కానీ చీకటిలో కట్ట మీద టార్చి లేకుండా నడవకండి. ఏ పాము కరిచినా కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. కాలు, చేయి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నీటి దగ్గర పిల్లలు

చెరువు పక్క ఇంటివారికి మేము చెప్పే అన్నిటికన్నా గట్టి మాట ఇది. మునిగిపోయే పిల్లవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. చప్పుడు లేకుండా నిమిషాలలో మునిగిపోతాడు. చెరువు అడుగు పైకి కనబడేంత చదును కాదు. మట్టి తీసిన గోతులు నీటి కింద ఉంటాయి. వేసవి సెలవులలోనూ, మొదటి వానల తరువాతా పెద్దలు తోడు లేకుండా పిల్లలను గట్టుకు పంపవద్దు.

ఎవరైనా మునుగుతుంటే, ఈత వచ్చినా ఒంటరిగా దూకకండి. రక్షించబోయినవారు కూడా మునిగిన సంఘటనలు ఏటా జరుగుతున్నాయి. కేకవేసి నలుగురినీ పిలవండి. తాడు, పొడుగాటి కర్ర, చీర, మూత బిగించిన ఖాళీ క్యాను – ఏది దొరికితే అది అందించండి. బయటకు తీశాక కడుపు నొక్కి నీరు కక్కించడం, తలక్రిందులుగా తిప్పడం వద్దు. దానివల్ల విలువైన క్షణాలు పోతాయి. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, నోటితో గాలి ఊదుతూ, ఛాతీ మధ్య నొక్కుతూ 108 వచ్చేవరకు కొనసాగించండి. తేరుకున్నా ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తులలో ఇబ్బంది కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు.

చెరువుకు జబ్బు చేస్తే

మనిషికి లాగానే చెరువుకు కూడా జబ్బు లక్షణాలు ఉంటాయి. నీటిపై నురగ తేలడం, కుళ్లిన వాసన, గుర్రపు డెక్క ఒక్కసారిగా అల్లుకోవడం, తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలడం. మురుగు కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి నీటి మొక్కలు ప్రాణవాయువును తయారు చేయలేవు. అందుకే తెల్లవారుజామున చేపలకు ఊపిరి ఆడదు. రవ్వ, బొచ్చె, కొర్రమీను మంచి ఆహారమే. కానీ అలా చచ్చి తేలిన చేపలను ఉచితంగా దొరికాయని ఇంటికి తెచ్చుకోవద్దు.

రెండవ జబ్బు ఆక్రమణ. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దానికి ఆవల కూడా కొంత స్థలం ఖాళీగా వదలాలి. 2012 నాటి నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు. కొన్నేళ్లు వానలు లేకపోతే శిఖం భూమి ఎండి మైదానంలా కనిపిస్తుంది. "చెరువు ఎదురుగా ప్లాటు, చవకగా ఇస్తాము" అని చెప్పేవారు అప్పుడే వస్తారు. 2020 అక్టోబర్ వానలలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగాయి. ఎందరో పరుపులు, బియ్యం, పిల్లల పుస్తకాలు పోగొట్టుకున్నారు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల పరిధిలోని అనేక కట్టడాలను కూల్చివేసింది. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఒక్క రోజులో పోవడం ఎంత వేదనో చెప్పనక్కరలేదు. కాబట్టి కొనే ముందు ఎఫ్‌టీఎల్ పటం చూడండి. రెవెన్యూ, నీటిపారుదల కార్యాలయాలలో విచారించండి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఆ స్థలం చెరువులోది కాకుండా పోదు.

ఇల్లు నీట మునిగినవారు తరువాతి వారాలలో జాగ్రత్తగా ఉండాలి. పాదాలకు గాయాలుంటే వరద నీటిలో దిగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. తాగే నీటిని తెర్లే వరకు కాచి చల్లార్చి తాగండి. బోరు నీటిని పరీక్ష చేయించాకే వాడండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపి ఇవ్వండి. అది దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు తలకొట్టిన టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు కలిపి తాగించండి.

చెరువు జబ్బు నయం కాదని నిరాశ వద్దు. అంబర్‌పేటలో చెత్త, మట్టితో పూడిపోయిన బతుకమ్మ కుంటను తవ్వి, మళ్లీ నీటితో నింపి, 2025 సెప్టెంబర్‌లో ప్రజలకు అందించారు. నగరం నడిమధ్యన అది సాధ్యమైతే మన శివార్లలో ఎందుకు సాధ్యం కాదు?

మన వంతుగా చేయగలిగినవి

1. మీ ఇంటి మురుగు ఎక్కడికి వెళ్తోందో తెలుసుకోండి. వాన నీటి కాలువలో కలుస్తుంటే అది నేరుగా చెరువుకే చేరుతుంది. కాలనీ సంఘం ద్వారా మురుగు లైను కోసం అర్జీ పెట్టండి.

2. పూజా సామగ్రి, ప్లాస్టిక్ కవర్లు, ఇల్లు కట్టగా మిగిలిన మట్టి, విందు తరువాతి విస్తళ్లు నీటిలో వేయవద్దు. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది.

3. వారానికి ఒక రోజు ఇంట్లో నీటి పాత్రలన్నీ తోమి ఆరబెట్టండి. ట్యాంకులకు మూతలు పెట్టండి.

4. వానాకాలానికి ముందే అలుగు, కాలువ పూడిపోలేదని కాలనీ పెద్దలు వెళ్లి చూడాలి. అలుగు మూసుకుపోతే నీరు కట్టను తెంపుకుంటుంది.

5. గట్టున ఒక తాడు, గాలి నింపిన ట్యూబు అందరికీ కనిపించేలా కట్టి ఉంచండి. కాలనీ యువకులు ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. పదిమంది సిద్ధమైతే శిక్షణ ఇవ్వడానికి మా నర్సులు వస్తారు.

6. నెలకు ఒక శనివారం ఉదయం స్త్రీల సమాజమూ, యవ్వనస్థులూ పొరుగువారితో కలిసి కట్ట శుభ్రం చేయవచ్చు. చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి.

పై చెరువువారు వదిలిన మురుగు కింది చెరువుకు చేరినట్టే, పైవారు కాపాడిన నీరు కూడా కిందివారికి చేరుతుంది. ఈ సంచిక చదివిన ప్రతి ఇంటివారూ ఈ వారంలో ఒక సాయంత్రం కుటుంబమంతా కలిసి మీ చెరువు చుట్టూ నడిచి రండి. ఎక్కడ మురుగు కలుస్తోందో, ఎక్కడ గట్టు కుంగిందో, ఎక్కడ పిట్టలు వాలుతున్నాయో చూసి రాసుకోండి. ఆ కాగితాన్ని మీ కాలనీ సంఘానికి ఇవ్వండి, ఒక ప్రతి మాకు కూడా తెచ్చివ్వండి. వచ్చే ఆరోగ్య శిబిరం ఎక్కడ పెట్టాలో, ఏ వీధిలో దోమతెరల అవసరం ఎక్కువో దానిని చూసి మేము నిర్ణయిస్తాము.